ఒక కన్ను తెరిచి నేర్చుకున్న నాట్యం

ఆ రోజుల్లో నాకు మనుషుల్ని అనుమానించడం తప్ప వేరే వ్యాపకం ఉండేది కాదు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. బల్బు కొన్నవాడు వెనక్కి తిరిగి చూస్తే చాలు, ఇంకేదో ఎత్తుకుపోతున్నాడనుకునేవాణ్ణి. (ఇది చదివి మా ఆవిడ "ఆ రోజులల్లనేనా?" అంటోంది.) ఆ బుద్ధితోనే ఒక మంచి మనిషి డ్యాన్సు క్లాసు మూయించాను. పదిహేనేళ్లపాటు ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆయన్ని అందరం పడవన్న అనేవాళ్లం. ఎల్లారెడ్డి మనిషి. సరుకు ఓడలో వంటవాడిగా తిరుగుతూ బ్రెజిల్ రేవుల్లో ఫొహో అనే జంట నాట్యం నేర్చుకొచ్చాడు. పెళ్లిళ్లు లేని ఆదివారాల్లో, కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు యజమానిని బతిమాలుకొని, మాలాంటి కొత్తవాళ్లకు నేర్పేవాడు. "మళ్ల ఓడ ఎక్కొద్దనుకుంటున్న తమ్మీ. నా బిడ్డ నన్ను అంకుల్ అంటున్నది. ఈ క్లాసు నడిస్తే ఈడనే ఉంట" అని మొదటిరోజే చెప్పాడు. నాకు మొట్టమొదటి అనుమానం ఆ మాట మీదే వచ్చింది.

ఆయన పద్ధతులు దానికి తోడయ్యాయి. కుర్రాళ్లు తొంగిచూసి నవ్వుతున్నారని తలుపులు గడియపెట్టేవాడు. ఫోన్లు మోగితే అడుగు తప్పుతుందని అన్నిటినీ ఒక స్టీలు బేసిన్‌లో వేయించేవాడు. అసలైతే ఆ నాట్యంలో జంట ఒకరినొకరు దగ్గరగా పట్టుకోవాలట. మా దగ్గర అది జరిగే పని కాదని మగవాళ్లకు మగవాళ్లను, ఆడవాళ్లకు ఆడవాళ్లను జత చేసి, మధ్యలో ఒక తువ్వాల పట్టించాడు. "నడిపిచ్చేటోళ్లు తువ్వాల గుంజుండ్రి. నడిచేటోళ్లు కండ్లు మూసుకోండ్రి. జోడీని నమ్మాలె" అనేవాడు. తలుపులకు గడియ, ఫోన్లు బేసిన్‌లో, సగం మంది కళ్లు మూత, మిగతా సగం మంది చూపు కాళ్ల మీద! దొంగతనానికి ఇంతకన్నా ఏర్పాట్లేం కావాలి?

నా జోడీ మా అక్క మొగుడే. బావ తువ్వాల గుంజుతుంటే నేను కుడికన్ను మూసి, ఎడమకన్ను బేసిన్ మీద పెట్టేవాణ్ణి. అందుకే అడుగడుక్కీ ఆయన కాలు తొక్కేవాణ్ణి.

"ఏంరా బామ్మర్దీ, పొలంల నాట్లకు దిగినవా? నా కాలి ఏళ్లు మిగలనియ్యవా?" అనేవాడు బావ.

"కన్ను తెరుస్తున్నవ్ తమ్మీ, గందుకే తొక్కుతున్నవ్" అన్నాడు పడవన్న నవ్వుతూ. కనిపెట్టేశాడు! నా అనుమానం రెట్టింపైంది.

నాలుగో ఆదివారం దొరికాడు. పాట హోరుమంటుండగా మెల్లగా వంగి, బేసిన్‌లోంచి బావ ఫోను తీసి, అటు తిరిగి ఏదో చేశాడు. క్లాసు కాగానే హాలు యజమాని దగ్గరికి ఉరికాను. "ఫోన్లు మాయమైతున్నయి సేటూ, నీ పేరు ఖరాబైతది" అన్నాను. (ఒక్క ఫోనూ మాయం కాలేదు. అది నా సొంత కవిత్వం.) ఆ సాయంత్రమే ఆయన కారణమైనా చెప్పకుండా పడవన్నను ఇక రావద్దన్నాడు.

మర్నాడు బావ దుకాణానికి వచ్చి మొత్తుకున్నాడు. "నిన్న క్లాసుల ఉన్నప్పుడు మీ అక్క ఫోన్ల మీద ఫోన్లు చేసిందంట, ఎత్తలేదని ఒకటే తిట్లు. అది మోగుతుంటే పడవన్ననే సప్పుడు బంద్ చేసిండు. పోయేటప్పుడు చెప్పిండు గని, తిరిగి ఫోన్ చేసుడు నేనే మర్చిపోయిన."

యజమాని ఇల్లు రెండు వీధుల అవతలే. వెళ్లి నిజం చెప్పొచ్చు. వెళ్లలేదు. నెల తిరక్కముందే పడవన్న మళ్లీ ఓడెక్కాడని తెలిసింది.

ఆయన ఓడ కొలువు మానేసి వచ్చాడని విని, మొన్న ఎల్లారెడ్డి బస్సెక్కాను. తలుపు తీసిన అమ్మాయి లోపలికి తిరిగి, "బాపూ, ఎవరో అంకుల్ వచ్చిండు" అంది. జుట్టంతా నెరిసిన పడవన్న మోకాళ్లు పట్టుకొని లేచాడు. జరిగిందంతా చెప్పాను. క్షమించమనే ఒక్క మాట మాత్రం అనలేకపోయాను.

"నాకు ఎర్కనే తమ్మీ. కన్ను తెరిచింది నువ్వొక్కనివే గద" అన్నాడు. దండెం మీది తువ్వాల తీసి ఒక కొస నా చేతికిచ్చాడు.

ఈసారి రెండు కళ్లూ మూసుకున్నాను. ఆయన గుంజాడు. నేను ముందుకు అడుగేసి, సరిగ్గా ఆయన కాలు తొక్కాను.

"మాఫ్ చెయ్యి అన్నా" అన్నాను, రెండింటికీ కలిపి.