గుడ్డముక్కకి యాప్

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నిటికీ నాకు తెలిసిన మందు ఒకటే, యాప్. ఫోన్లలో నెట్టు చవకైన కొత్త, చదువు పూర్తయి ఉద్యోగంలో చేరిన కొత్త, రెండు కొత్తలూ ఒకేసారి నెత్తికెక్కాయి. అమ్మ పప్పులో ఉప్పు మర్చిపోతే దానికో యాప్ ఉంటే బాగుణ్ణనేదాన్ని. ఆదివారం చర్చిలో పాట నంబరు వినపడక వెనక వరసల వాళ్ళు తికమకపడుతుంటే, ప్రార్థనలో కళ్ళు మూసుకుని మరీ దానికో యాప్ గీసుకునేదాన్ని (దేవుడు క్షమించాలి, అందులో పాస్టరు గారి ప్రసంగం ఇంకెంతసేపో చూపించే గడియారం కూడా పెట్టాను). ఇప్పుడు నా పనే అది. ఎవరో ఒకరు వచ్చి, "మేడమ్, మా పాత విద్యార్థుల గ్రూపు బాగా పెరిగింది. మాకంటూ సొంత యాప్ ఒకటి ఉండాలంటారా?" అని అడుగుతూనే ఉంటారు. నేను వెంటనే జవాబు చెప్పను. ముందు టీ తెప్పిస్తాను. ఆ టీ వచ్చేలోపు నాకు చల్లపల్లి మీదుగా బందరు వెళ్ళే ఒక బస్సూ, అందులో ఎనిమిది గుడ్డముక్కలూ గుర్తొస్తాయి.

మాది చల్లపల్లి. ఉద్యోగం బందరులో, ఒక మేడ మీద చిన్న కంప్యూటర్ ఆఫీసు. కాలేజీలకి వెబ్‌సైట్లు చేస్తామని బోర్డు ఉండేది గానీ, నేను చేసేది మాత్రం హాల్‌టికెట్లలో పేర్లూ ఇంటిపేర్లూ దిద్దడం. పొద్దున బస్సు అవనిగడ్డలో బయల్దేరి మా ఊరొచ్చేసరికి కిటకిటలాడేది. (బస్సు మీద మచిలీపట్నం అని రాసుంటుంది. ఎక్కేవాళ్ళెవరూ ఆ పేరు అనరు.) రోజూ అదే బస్సులో వెళ్ళే మాకందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. దాన్ని పెట్టింది కోర్టు బాబాయ్, అంటే బందరు కోర్టులో గుమాస్తాగా చేసే పెద్దాయన. నడిపింది మాత్రం టైలర్ భాయ్. భాయ్ ఇల్లు అవనిగడ్డ, కుట్టుమిషను బందరులో ఒక బట్టల కొట్టు అరుగు మీద. బస్సు బయల్దేరే చోటే ఎక్కుతారు కాబట్టి ఆయనకి సీట్లన్నీ ఖాళీగా కనిపించేవి. కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకోవడం మనందరికీ వచ్చిన విద్యే. భాయ్ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు ఆయన సంచీలో ఎప్పుడూ ఉండేవి. పొద్దున్నే మేం గ్రూపులో "వస్తున్నా", "నడుం పట్టేసింది భాయ్", "ఈరోజు రావట్లేదు, పాపకి జ్వరం" అని రాసుకునేవాళ్ళం. అవన్నీ చదివి, ఎవరి ముక్క వాళ్ళ పేరు చెప్పి సీట్ల మీద పరిచేవారు. ఏడు మాకు, ఎనిమిదోది ఆయనకి. అంతకు మించి ఒక్కటి కూడా ఆపేవారు కాదు, "మిగతావాళ్ళు కూడా మనుషులే కదండీ" అనేవారు.

గళ్ళ ముక్క టీచరమ్మ గారిది. ఆవిడ మా వీధిలోనే ఉండేవారు, మా చర్చే. బందరులో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ మోకాళ్ళు అరగదీసుకున్నారు. ఆ గళ్ళ ముక్క రోజూ ఉండాల్సిందే. మిగతావి ఆ రోజు ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళకి. ఎవరికి వేయాలో, ఎవరికి మానాలో భాయ్‌కి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. నాకు ఇరవై మూడేళ్ళు, మోకాళ్ళు రెండూ కొత్తవి. అందుకని నిలబడేదాన్ని. రోజూ నిలబడి, పై కడ్డీ పట్టుకుని, ఈ వ్యవస్థ ఎంత అన్యాయమో ఆలోచించేదాన్ని. అదే సమయంలో మా సారు, "నీ అంతట నువ్వు ఒక యాప్ చేసి, పదిమంది చేత వాడించి చూపించు. హాల్‌టికెట్ల పని తప్పిస్తా" అన్నారు. అన్యాయం మీద నా కోపం ఆ సాయంత్రమే బాగా పెరిగింది.

గ్రూపులో పెట్టాను. మనకి సొంత యాప్ ఉండాలి, పొద్దున ఐదున్నరకి సీట్లు తెరుచుకుంటాయి, ఎవరు ముందు నొక్కితే వాళ్ళది, ఇది న్యాయం అని. కోర్టు బాబాయ్ మర్నాడు బస్సులో పట్టుకున్నారు. "న్యాయం సంగతి నాకు తెలుసమ్మా, రోజూ దాని పక్కనే కూర్చుంటా. అది ఐదున్నరకి లేచేది కాదు." టీచరమ్మ గారు సీట్లోంచి తలెత్తి, "ఉన్న గ్రూపుకి ఏవైందమ్మాయ్?" అన్నారు. "అందులో అన్నీ కలిసిపోతున్నాయండీ. గుడ్ మార్నింగులు, బైబిల్ వాక్యాలు, పుట్టినరోజులు, పాపకి జ్వరాలు. మనక్కావాల్సింది సీటు సంగతి కదండీ." "అవన్నీ తీసేస్తే ఇంక గ్రూపెందుకే?" అన్నారావిడ. నాకది పాతకాలపు మాటలా వినిపించింది. యాప్‌కి గట్టిగా మద్దతిచ్చింది ఒక్కరే, గుడివాడ అన్నయ్య. ఆయన బ్యాంకు ఉద్యోగి. బదిలీ మీద గుడివాడ వెళ్ళి, అక్కడే కాపురం పెట్టి రెండేళ్ళయింది. ఆ బస్సెక్కాల్సిన పని ఆయనకి లేదు. అయినా గ్రూపులోంచి వెళ్ళలేదు, రోజూ ఏడున్నరకి "అందరూ ఎక్కారా?" అని అడిగేవారు. భాయ్ మాత్రం అవునని గానీ కాదని గానీ అనలేదు. "చిన్నమ్మాయి కష్టపడతానంటోంది, చెయ్యనివ్వండి" అన్నారు. ఆ యాప్ వస్తే పోయేది తన పెత్తనమేనని ఆయనకి తట్టిందో లేదో నాకు తెలియదు. నాకు తట్టింది, తట్టినా ఆగలేదు.

మూడు నెలలు కూర్చుని చేశాను. మడత పెట్టిన కర్చీఫ్ బొమ్మ దాని గుర్తు (ఆ మడత సరిగ్గా రావడానికే పదిహేను రోజులు పట్టింది). ఒక్కరే రెండు మూడు సీట్లు నొక్కేస్తారేమోనని కోర్టు బాబాయ్ అనుమానం వెలిబుచ్చితే, ఒక ఫోనుకి ఒకటే సీటని నియమం పెట్టాను. దాన్ని మీరితే తెర మీద ఎర్ర అక్షరాలతో "ఒకరికి ఒకే సీటు!" అని పడేది. ఆ ఆశ్చర్యార్థకం చూసుకుని మురిసిపోయాను. తర్వాత బస్సులో ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని నేనే యాప్ ఎక్కించాను (గుడివాడ అన్నయ్య అడిగి మరీ లింకు పంపించుకున్నారు). టీచరమ్మ గారి ఫోను ఒప్పుకోలేదు. "ఖాళీ లేదంటోందమ్మా, ఈ బస్సులాగే" అన్నారావిడ. లోపలంతా చర్చి పాటలూ, బడి పిల్లల ఫొటోలూ. కొన్ని తీసేద్దామండీ అన్నాను. "ఏవి తియ్యమంటావు? వీళ్ళు మూడో తరగతి. వీళ్ళు నాలుగు. వీడు చూడు, బడి మానేస్తే ఇంటికెళ్ళి తీసుకొచ్చా." నేను ఫోను తిరిగిచ్చేశాను. "పర్లేదండీ, మీ బదులు రోజూ నేను నొక్కుతాను" అని మాటిచ్చాను. అంత సులువుగా ఇచ్చిన మాట నా జన్మలో ఇంకోటి లేదు.

సోమవారం మొదలు. ఐదున్నర కాకముందే లేచి, ముఖం కూడా కడుక్కోకుండా ఫోను పట్టుకుని కూర్చున్నాను. నొక్కాను, కిటికీ సీటు నాకొచ్చింది. ఆనందంతో వెంటనే టీచరమ్మ గారికి నొక్కాను. "ఒకరికి ఒకే సీటు!" అంది నా యాప్. నా నియమం నాకే గుర్తు లేదు. నిమిషంలో ఎనిమిదీ నిండిపోయాయి. అప్పటికీ దారుంది. నా సీటు వదిలేసి ఆవిడ పేరు పెట్టొచ్చు. ఆ బటన్ కూడా చేసింది నేనే. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత, ఎలాగోలా భాయ్ చూసుకుంటార్లే అనుకున్నాను. ఏ మనిషి అవసరం లేకుండా చేద్దామని మూడు నెలలు కష్టపడ్డానో, ఆ మనిషి మీదే భారం వేసేసి వెళ్ళి పళ్ళు తోముకున్నాను.

మా ఊళ్ళో బస్సెక్కేసరికి భాయ్ నిలబడి ఉన్నారు. అవనిగడ్డలో అందరికంటే ముందు ఎక్కి, యాప్‌లో ఉన్న ఎనిమిది పేర్లకీ ఎనిమిది ముక్కలు పరిచారు. అది పూర్తయ్యేలోపు మిగతా సీట్లు నిండిపోయాయి. కండక్టరు గారు ఆయన్నీ, సీట్లనీ మార్చి మార్చి చూస్తున్నారు. "ఏంటి భాయ్ ఇది? గుడ్డలు కూర్చున్నాయి, మనిషి నిలబడ్డాడేంటి?" "లిస్టులో నా పేరు లేదండీ" అన్నారు భాయ్, తప్పు తనదే అన్నట్టు. నేను నా కిటికీ సీట్లో కూర్చుని, "అదేంటి భాయ్, మీరు నొక్కలేదా?" అన్నాను. ఆయన నిజంగానే కాసేపు ఆలోచించారు. "ఎప్పుడూ మీరందరూ అడిగేవాళ్ళు, నేను వేసేవాణ్ణి. నా సీటు నేనెవర్ని అడగాలమ్మా?"

ఈలోగా టీచరమ్మ గారు ఎక్కారు. అలవాటు కొద్దీ గళ్ళ ముక్క కోసం చూశారు. అది లేదు. నా వైపు చూశారు, నా సీటు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. అక్కడ నేను చేయాల్సింది ఒకటే, లేచి నిలబడటం. నేను ఫోను తీశాను. మా ముందు సీట్లో ఒక ముక్క మీద ఎవరూ కూర్చోలేదు, అది గుడివాడ అన్నయ్య పేరు మీదుంది. సిగ్నల్ సరిగ్గా లేక, సగం దారి దాటాకే ఆయన ఫోన్ కలిసింది. "అన్నయ్యా, మీరు గుడివాడలో కదా ఉంది?" "అవునమ్మా." "మరి సీటు నొక్కారేంటండీ?" "ఊరికేనమ్మా. నా పేరు ఇంకా ఆ బస్సులో వస్తుందో లేదో చూద్దామని. వచ్చింది. చాలా సంతోషంగా ఉంది." ఆయన సంతోషం బస్సులో సగం మందికి వినిపించింది. చివరికి కోర్టు బాబాయ్ లేచి, ఆ ముక్క తీసి భాయ్ చేతిలో పెట్టి, "పేరు పిలిచాం, మనిషి హాజరు కాలేదు. కూర్చోండి టీచరమ్మ గారూ" అని తీర్పు చెప్పారు. అప్పటికి బందరు ఎంతో దూరం లేదు. ఆవిడ కూర్చుంటూ రెండు చేతులతో మోకాలు పట్టుకున్నారు. నేను అదంతా చూస్తూ కూర్చునే ఉన్నాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

మంగళవారం ఆవిడ రాలేదు. బుధవారం కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. "రావట్లేదు" అని చెప్పుకోవడానికి నా యాప్‌లో చోటు లేదు, పాత గ్రూపులో ఎవరూ నోరు మెదపడం లేదు. ఒకే వీధిలో ఉంటూ నేను కూడా వెళ్ళి అడగలేదు, ముఖం చెల్లక. ఆదివారం చర్చిలో కనపడ్డారు, మోకాలికి కట్టుతో. "వాచిందమ్మా. గ్రూపులో ఎవరూ ఏమీ అనట్లేదు కదాని నేనూ చెప్పలేదు" అన్నారు మామూలుగా. అందులో నింద ఏమీ లేదు. ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి, నన్ను నేను సమర్థించుకోవడానికి గ్రూపు పాత మెసేజీలన్నీ వెనక్కి తిప్పాను. నాకు ఒక్కసారి కూడా ముక్క వేయలేదని రుజువు దొరుకుతుందని. దొరికింది వేరే, అన్నీ భాయ్ రాసినవే. "చిన్నమ్మాయికి జలుబు, కిటికీ సీటు." "చిన్నమ్మాయికి ఈరోజు మొదటి జీతం, చీర నలగకూడదు, సీటు ఉంచా." "చిన్నమ్మాయి నిన్న ఏడ్చుకుంటూ దిగింది, ఈరోజు సీటు తనకి." ఆ మూడు రోజులూ నేను కూర్చునే వెళ్ళాను. నిలబడ్డ రోజులు మాత్రమే లెక్కపెట్టుకున్నాను. గుడ్ మార్నింగుల మధ్య ఆ మెసేజీలు చదవనేలేదు, ఏడ్చిన సంగతి భాయ్ చూశారని కూడా నాకు తెలియదు. ఆ మధ్యాహ్నమే గ్రూపులో రాశాను: "యాప్ తీసేశాను. అందరూ క్షమించాలి. భాయ్, టీచరమ్మ గారికి మోకాలు వాచింది. వచ్చిన రోజు గళ్ళ ముక్క." పది నిమిషాల్లో గ్రూపు మళ్ళీ మోగడం మొదలైంది. ఏ నూనె రాయాలో నలుగురు చెప్పారు, ఒకరు వాక్యం పెట్టారు, కోర్టు బాబాయ్ "కేసు కొట్టివేయబడింది" అన్నారు, గుడివాడ అన్నయ్య రేపు అందరూ ఎక్కుతున్నారా అని అడిగారు. నాకు ఇంకో ఏడాది పాటు హాల్‌టికెట్లే రాసిపెట్టి ఉన్నాయి.

అందుకే టీ వచ్చాక, నా దగ్గరికొచ్చిన వాళ్ళని ముందు ఒకటి అడుగుతాను: "మీ గ్రూపులో గుడ్డ వేసే మనిషి ఎవరండీ?" అర్థం కాక ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. అర్థమయ్యేలా చెప్పాక కొందరు యాప్ చేయించుకుంటారు, కొందరు మానేస్తారు. రెండూ తప్పు కాదు.

పోయిన నెలలో ఒక జాకెట్టు సరిచేయించుకోవడానికి భాయ్ దగ్గరికి వెళ్ళాను. జుట్టు బాగా నెరిసింది, అరుగు అదే. సూదిలో దారం ఎక్కిస్తూ, టైమెంతయిందో చూడమని ఫోను నా చేతికిచ్చారు. తెర మీద పగుళ్ళ మధ్య నా కర్చీఫ్ బొమ్మ కనిపించింది, పదిహేను రోజుల ఆ మడతతో సహా. "ఇది ఇంకా తియ్యలేదేంటి భాయ్? ఇది పని చెయ్యదు కదా." "తెలుసమ్మా" అన్నారు, సూది మీంచి చూపు తిప్పకుండా. "సీటు మీద గుడ్డముక్క మాత్రం ఏం పని చేస్తుంది? ఎవరో రావాలి, వాళ్ళ కోసం ఉంచాం అని చెప్తుంది, అంతే." ఐదున్నరకి లేచి, ముఖం కడుక్కోకుండా, కిటికీ సీటు గెలుచుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల మీద నాకు ఎన్నాళ్ళకో మొదటిసారి కోపం పోయి నవ్వొచ్చింది. ఫోను తిరిగిచ్చి టైము చెప్పాను. భాయ్ లేచి తన స్టూలు నా వైపు జరిపి, "కూర్చో, ఇంకా పావుగంట పడుతుంది" అన్నారు. కూర్చున్నాను.