రొయ్య ఒంట్లో పాత వైరస్ ముక్క: ఓడలరేవు నుంచి అమలాపురం ల్యాబు దాకా

మా చెరువు టైగర్ రొయ్యలకి వైరస్ ఉందని అమలాపురంలో ఒక ల్యాబు కాగితం మీద రాసి ముద్ర కొట్టింది. రొయ్యలు గిడసబారలేదు, ముక్కు వంకర పోలేదు, వేసిన మేత వేసినట్టు తింటున్నాయి. అయినా ఆ కాగితం పట్టుకుని మా యజమాని పాపారావు గారు ఆదివారం పొద్దున్న ఏడింటికి బ్లీచింగ్ కొట్టించి చెరువు మొత్తం చంపేస్తానంటున్నారు. వైరస్ కాగితం పడ్డ సరుకు ఎవరూ కొనరట. ఓడలరేవు దగ్గర ఆ చెరువుకి రెండున్నర నెలలుగా రోజుకి నాలుగు పూటలు మేత వేస్తున్నది నేను. చెరువు పోతే నా పనీ పోతుంది. అందుకే ఈ ప్రయాణం.

నేను ఇంటర్ తప్పాను. మిగతాది ఫోన్లో చదువుకున్నాను. ఈమధ్య పరిశోధనల్లో తేలిందేమిటంటే, కొన్ని రొయ్యల జన్యువుల్లోనే పాత వైరస్ ముక్కలు అతుక్కుపోయి ఉంటాయి. ఎన్నో తరాల కింద సోకిన వైరస్ తాలూకు ముక్క గుడ్డు కణంలో చేరితే, తల్లి నుంచి పిల్లకి అలా వచ్చేస్తూనే ఉంటుంది. దానివల్ల రోగం రాదు. పైగా రోగాన్ని తట్టుకోవడానికి అదే పనికొస్తోందేమోనని కొందరి అనుమానం. పరీక్ష మాత్రం ఆ ముక్క దొరగ్గానే వైరస్ ఉందనేయగలదు. గోడ మీద తాత ఫొటో చూసి ఆయనకీ విస్తరి వేసినట్టు! నిజం తేలాలంటే వైరస్‌లో వేరే చోట, పొడుగాటి భాగం కోసం ఇంకో పరీక్ష చెయ్యాలి. ఇదంతా చెబితే పాపారావు గారు, "శనివారంలోగా కాగితం తేమ్మా, చూద్దాం. నోటిమాట మీద చెరువు నడవదు కదా," అన్నారు.

గురువారం పొద్దున్న ఆరున్నరకి పది రొయ్యలు పట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ క్యానులో వేసి, బ్యాటరీతో గాలి కొట్టే చిన్న పంపు పెట్టాను. ఓడలరేవులో షేర్ ఆటో ఎక్కితే అల్లవరం మీదుగా అమలాపురానికి గంట పైనే పట్టింది. యాభై తీసుకున్నాడు. క్యానుకి విడిగా ఇరవై అడిగాడు, ఒళ్ళో పెట్టుకుంటే మానేశాడు.

"ఏమ్మా, ఒళ్ళో ఏదో గురక పెడతా ఉంది?" అన్నాడు డ్రైవరు.

"రొయ్యలండీ. ల్యాబుకి."

"ఆయ్! ఎంత కౌంటు?"

మా వైపు రొయ్య అన్నాక కిలోకి ఎన్ని తూగుతాయో అడక్కుండా ఎవరూ ఉండలేరు. ముప్పై కౌంటన్నాను. ఆటో ఆటో అంతా నిట్టూర్చింది.

"ముప్పై కౌంటు సరుకు ల్యాబు పాలు చేస్తారేటండీ! చింతచిగురులో వెయ్యాలి గానీ," అన్నారు వెనక సీటు పెద్దాయన. దిగేదాకా ఆయన కళ్ళు క్యాను మీదే ఉన్నాయి.

ల్యాబు పదింటికి గానీ తియ్యరు. బస్టాండు దగ్గర సత్యవతక్క మెస్సులో పెసరట్టు తిన్నాను. ఇరవై నిమిషాలు పట్టినా తినాల్సిందే. వంటింటి గుమ్మం పక్కన చల్లగా ఉందని క్యాను అక్కడ పెట్టి, "అక్కా, గంటలో వస్తాను, ఇవి మీ దగ్గర ఉంచండి," అని, చదివిన వ్యాసం ప్రింటు తీయించడానికి వెళ్ళాను. రేవు నుంచి వచ్చేవాళ్ళు చేపో రొయ్యో ఆ గుమ్మం పక్కన పెట్టి ఊళ్ళో పని చూసుకుని వస్తే, అక్క వండి ఉంచుతుందట. అది నాకు ఎవరు చెప్పారు?

తిరిగొచ్చేసరికి అల్లం వాసన.

"కారం తగ్గించేశానమ్మా, బక్కగా ఉన్నావని," అంది అక్క, డబ్బా మూత పెడుతూ.

"అక్కా! అవి పరీక్షకి తెచ్చినవి!"

"పరీక్షకా? వేగేయో లేదో నేను చూశాన్లే."

అక్క నా మొహం చూసి గాభరాపడి క్యాను తెచ్చింది. అడుగున మూడు కదులుతున్నాయి. "పిందెల్లా ఉన్నాయి, నూనె దండగని వదిలేశాను," అంది. ఆ పిసినారితనానికి దణ్ణం పెట్టాలనిపించింది.

ల్యాబులో టెక్నీషియన్ కుర్రాడు మహా మర్యాదస్తుడు. కాదన్న ప్రతిసారీ "ఆయ్, అలాగేనండీ" అనే అన్నాడు.

"మా మెషీన్ అబద్ధం చెప్పదండీ."

"అబద్ధమని ఎవరన్నారు? మీరు ఒక ముక్క ఉందా అనడిగారు, ఉందంది. వైరస్ మొత్తం ఉందా అని అడిగారా? మనుషుల జన్యువుల్లోనూ పాత వైరస్ ముక్కలున్నాయి. కడుపులో బిడ్డకి మావి ఏర్పడటానికి పనికొచ్చే జన్యువొకటి అలా వచ్చిందే. మరి నన్నూ మిమ్మల్నీ కూడా బ్లీచింగ్‌లో ముంచుదామా?"

"మీరెక్కడ చదువుకున్నారండీ?"

"చెరువు గట్టు మీద."

అతని చూపు నా చేతిలో డబ్బా మీద పడింది. మూత తీసి చూపించాను. మర్యాద కోసం ఒకటి తీసుకున్నాడు, ఆకలి కోసం రెండోది. "రోగమున్న రొయ్య ఇంత రుచిగా ఉండదండీ," అన్నాడు నములుతూ.

"ఆ ముక్క రాసివ్వండి," అన్నాను.

చెయ్యి తుడుచుకున్నాడు. మూడు రొయ్యలూ తీసుకుని రసీదు ఇచ్చాడు. రెండో పరీక్ష చెయ్యాలా వద్దా అన్నది ల్యాబు చూసుకునే మేడమ్ గారు చెప్పాలట, ఆవిడ సోమవారం వస్తారట. సోమవారానికి చెరువులో పీనుగులే ఉంటాయండీ అంటే, "ఆయ్, అలాగేనండీ," అన్నాడు.

తిరుగు ఆటోలో ఖాళీ క్యాను ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాను. నేను పొరపాటు పడి ఉండొచ్చు. వైరస్ మొత్తం ఉందని తేలితే బ్లీచింగ్ బస్తా మూతి నేనే విప్పుతాను. కానీ తరతరాలుగా రోగాన్ని ఒంట్లో కలుపుకుని బతికేసిన జీవిని, అలా బతికినందుకే చంపుతామంటే ఊరుకోను. ఇదే దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: క్యాను మీద ఎర్ర పెయింటుతో "వండకండి" అని రాయండి. ల్యాబుకి ఫోను చేసి సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారో లేదో కనుక్కున్నాకే బయల్దేరండి.

ల్యాబు మేడమ్ గారూ, మీరు ఎక్కడున్నా ఇది చదవండి. ఆ మూడు రొయ్యలకీ పొడుగాటి భాగం వెతికే పరీక్ష చేయించండి, లేదా మొదటి పరీక్షతో తేల్చలేమని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి. శనివారం సాయంత్రం ఐదింటిలోగా నాకు జవాబు కావాలి. ఆదివారం పొద్దున్న ఆరింటి మేత కలిపి సిద్ధంగా ఉంచుతున్నాను.