రెండో గొట్టం

ఆక్-జర్ ఊళ్ళో ఉల్జాన్ నర్సు పేరు చెబితే నస్వాయ్ పొగాకు నమిలే ముసలాళ్ళు కూడా దవడ కింద ముద్ద తీసి గోడవతల పారేసేవాళ్ళు. ఆవిడకి ముక్కు మీద కోపం. పరీక్షకి ఉమ్మి ఇవ్వడానికి వచ్చినవాడి నోరు తెరిపించి, వాసన చూసి, పాలు కలిపిన టీ జాడ తగిలిందంటే చాలు, బయట బల్ల మీద కూచోబెట్టేది. అరగంట దాకా లోపలికి రానిచ్చేది కాదు. ఉత్త నీళ్ళతో పుక్కిలించి రమ్మనేది. కాండ్రించి ఉమ్మితే కసిరేది. గళ్ళ వద్దు, నురుగు వద్దు, తల వంచుకుని నాలుక కింద ఊరిందాన్ని ఊరినట్టు గొట్టంలోకి జారవిడవమనేది. గడప తొక్కిన మనిషి చేత ఓ రొట్టెముక్కయినా కొరికించకుండా పంపడం పాపమనుకునే ఊరు అది. అలాంటిచోట ఆవిడ ఇంటింటికీ వెళ్ళి, పరిచిన భోజనాల గుడ్డ ముందు కూచుని, "నేను తినను, మీరూ తినకండి" అనేది. నర్సమ్మ కాకపోతే ఎవరూ ఊరుకునేవారు కాదు.

ఆవిడ ఆ ఊరి కోడలే గానీ ఆ ఊరి ఆడపడుచు కాదు. కొండకి అవతలి లోయ నుంచి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఆవిడ కొంప ముంచింది అదే.

ఆ చలికాలం సెయిల్కాన్ కొడుకు ఎల్దోస్, తప్పిపోయిన గుర్రాల కోసం గడ్డకట్టిన నరీన్ నది దాటబోయాడు. గుర్రం ఒక్కటే వెనక్కి వచ్చింది, పొట్ట దాకా తడిసి, జీను పక్కకి ఒరిగి. ఊరంతా గడకర్రలతో మంచు పొడిచి వెతికారు. ఏమీ దొరకలేదు. అప్పట్నించీ సాయంత్రమయ్యేసరికి ఆ ఇంటి కుక్క ఏటివైపు తిరిగి ఊళ పెట్టేది. దాన్ని అదిలించడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

మంచు విరగడం మొదలయ్యాక దిగువన, ఆనకట్ట దగ్గర ఒక శవం తేలిందని బస్తీ నుంచి కబురొచ్చింది. వయసులో ఉన్న మగవాడని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయారు. ముఖం లేదు, బట్టలు లేవు. తల్లి ఉమ్మి పంపితే పోల్చి చూస్తామన్నారు. ఎవరిదో తెలియకపోతే బస్తీలోనే, దిక్కులేనివాళ్ళ పక్కన పూడ్చేస్తారు. పేరూ ఉండదు, తలాపున నిలబడి దువా చదివేవాడూ ఉండడు. అది తన బిడ్డే అయితే ఆ తల్లికి అంతకంటే నరకం ఏముంటుంది?

ఉల్జాన్ గొట్టం పట్టుకుని సెయిల్కాన్ ఇంటికి వెళ్ళింది. సెయిల్కాన్ భర్త పోయి చాలాకాలమైంది, ఇల్లంతా నిశ్శబ్దం. మరిది భార్య కలీచా ఒక్కతీ పొయ్యి దగ్గర ఉంది. ఉల్జాన్ అడగవలసినవన్నీ అడిగింది. ఏమన్నా తిన్నారా, తాగారా, చిగుళ్ళలోంచి రక్తం వస్తోందా? అన్నిటికీ సెయిల్కాన్ లేదనే చెప్పింది. తల వంచి, తొణక్కుండా, గీత దాకా నింపి ఇచ్చింది. అంత చక్కగా ఇచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో లేరని ఉల్జాన్ మెచ్చుకుంది కూడాను. పొయ్యి దగ్గర కలీచా వెనక్కి తిరగలేదు. పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

కొన్నాళ్ళకి ఫోనొచ్చింది. ఉమ్మి బాగా వచ్చింది, అనుమానానికి తావే లేదు, ఆ శవం ఈవిడ కొడుకుది కాదు.

ఉల్జాన్ పరుగున వెళ్ళి చెప్పింది. సెయిల్కాన్ కళ్ళు మూసుకుని ముఖం తడుముకుంది. మర్నాడే గొర్రెని కోయించి, నూనెలో బోర్సోక్ రొట్టెలు వేయించి ఊరిని పిలిచింది. జనం వచ్చారు. కూచున్నారు. చేతులెత్తి దువా చేశారు. ఆ తర్వాత ఒక్కరూ కిక్కురుమనలేదు. బతికే ఉన్నాడమ్మా, వస్తాడులే అన్నవాడు లేడు. నమూనా శుభ్రంగా ఉందని, పొరపాటు పడే ప్రసక్తే లేదని ఉల్జాన్ గొంతు పెంచి చెబుతుంటే పెద్దలు నేల చూపులు చూశారు. ఒక ముసలాయన తన ముందు పెట్టిన మాంసం ముట్టకుండానే లేచిపోయాడు. ఉల్జాన్‌కి అర్థం కాలేదు. ఇదేం సంబరం, చావింట్లో కూచున్నట్టుందేమిటి అనుకుంది.

దారిలో అత్తగారు ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎల్దోస్‌ని కన్నది కలీచా," అంది గొంతు తగ్గించి. "సెయిల్కాన్‌కి పిల్లల్లేరని పొత్తిళ్ళలోనే తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టారు."

ఉల్జాన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఊరంతా తెలిసుండి నాకొక్కదానికీ చెప్పకపోతే ఎలాగని అత్తగారి మీద ఎగిరిపడింది. ఎలా చెబుతామే, అంది ముసలావిడ. అన్నదమ్ముల ఇళ్ళల్లో బిడ్డని ఇచ్చుకోవడం తప్పు కాదు, ఇచ్చాక ఆ మాట ఎత్తడం తప్పు. ఆ పిల్లాడికే తెలీదు, వాడు కలీచాని పిన్నీ అనే పిలిచేవాడు. నిజమే మరి. ఉమ్మి తీసేటప్పుడు ఇన్ని అడిగింది గదా ఉల్జాన్, మీరు కన్నారా అని మాత్రం అడగలేదు. ఏ తల్లిని అలా అడుగుతారు?

శుక్రవారంలోగా ఇంకో నమూనా వెళ్ళకపోతే శవాన్ని పూడ్చేస్తారు. ఉల్జాన్ దగ్గర ఇంకో గొట్టం ఉంది. కలీచా దగ్గరికి వెళితే, ఇన్నేళ్ళుగా ఊరు మూసిన నోరు తను తెరిచినట్టే. నీ కొడుకు చచ్చాడు, పైగా వాడు నీ కొడుకే కాదు అని సెయిల్కాన్ మొహం మీద చెప్పినట్టే. వెళ్ళకపోతే ఆ కుర్రాడు దిక్కులేని శవమైపోతాడు. వైద్యశాల తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూచుంది గానీ ఎటూ తేల్చుకోలేకపోయింది. ఏటి మీంచి మంచు పెళ్ళలు విరిగి రాసుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

శుక్రవారం పొద్దున్నే తోటికోడళ్ళిద్దరూ వచ్చారు. సెయిల్కాన్ ముందు నడిచింది. కలీచా చెయ్యి ఆవిడ చేతిలో ఉంది.

"నిన్నట్నించీ దీన్ని మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. తీసుకో," అంది సెయిల్కాన్.

ఉల్జాన్ గొట్టం తీయబోయి ఆవిడ ముఖంలోకి చూసింది.

"అలా చూడకు. నాకు తెలిసే ఇచ్చానమ్మా. కాదు అనే మాట నీ గొట్టం చేత అనిపించుకుందామనుకున్నా. అనిపించుకున్నా. గొర్రెని కూడా కోశా. రాత్రి పక్క మీద వాలితే ఒకటే ఆలోచన. వాడు బతికుంటే వాడే వస్తాడు. అక్కడ పడున్నది వాడే అయితే?"

కలీచాని కూచోబెట్టారు. ఆవిడ గొట్టం పెదవికి ఆనించుకుంది. ఏమీ రాలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. మింగడానికే తడి లేదు, ఇక జారవిడవడానికి ఎక్కడిది? కళ్ళలోంచి మాత్రం ధారగా కారుతోంది. అది గొట్టంలో పడకుండా ఉల్జాన్ గుడ్డతో తుడిచింది. దవడ దగ్గర బుగ్గల్ని బయట్నించి మెల్లగా రుద్దుకుంటే ఊరుతుందని చెప్పింది. కలీచా ఒక చెయ్యి బుగ్గకి తీసుకెళ్ళబోతే గొట్టమే జారిపోబోయింది.

సెయిల్కాన్ ముందుకు వంగి, తన రెండు అరచేతులతో తోటికోడలి బుగ్గలు పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది.

"వదలవే," అంది. "నీ కొడుకు. వదులు."

ఆ కుటుంబంలో ఆ మాట పుట్టడం అదే మొదలు. కలీచా గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, దాని వెనకే నోట్లో తడి ఊరింది. కాసేపటికి సెయిల్కాన్ చేతులు ఆపకుండానే సరిపోయిందా అని అడిగింది. ఉల్జాన్ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది.

"పైనున్నది నురుగు," అంది. "అది లెక్కలోకి రాదు. ఇంకొంచెం కావాలి."

సెయిల్కాన్ మళ్ళీ రుద్దసాగింది.