హ్యాండిలుకు చుట్టిన నల్ల టేపు

నా చిన్నప్పుడు, మేము జగ్గయ్యపేటలో ఉండగా, మా అమ్మను ఆపరేషన్‌కని నందిగామ ఆసుపత్రిలో చేర్చారు. అప్పటికి నాకు డైరీ రాసే అలవాటు లేదు కనుక తారీఖు చెప్పలేను. ఎండలు ముదిరిన రోజులని మాత్రం గుర్తు. "మత్తిచ్చాక అందరూ లేవరండీ" అని పక్కింటి పిన్నిగారు మా నానమ్మతో అనడం నా చెవిన పడింది. లోపలికి తీసుకెళ్లకముందే అమ్మను చూడాలి. ఆ రోజు పొద్దుటి బస్సు రాలేదు. ఉన్నదల్లా మా బాబాయి సైకిలే.

ఆ సైకిలంటేనే నాకు వణుకు. అంతకు కొద్ది రోజుల ముందు, అమ్మ ఆసుపత్రిలో చేరాక, వాగు దగ్గర దిగుడులో బాబాయి చేతులు చెమటకు జారిపోయి, ముందు కూర్చున్న నాతో సహా కంకర గుట్టలో పడ్డాం. వెనకే వస్తున్న సున్నపురాయి లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. మోకాలి పుండు ఎండింది గానీ, ఆ చక్రాల చప్పుడు చెవుల్లోంచి పోలేదు. నందిగామ దారిలో మళ్లీ అదే దిగుడు. నేను గుమ్మం పట్టుకుని వదల్లేదు.

బాబాయి బతిమాలలేదు, కసరలేదు. నల్ల గుడ్డ టేపు నా చేతిలో పెట్టి, "హ్యాండిలుకు నువ్వే చుట్టు అమ్మడూ" అన్నాడు. ఏడుస్తూనే మనవైపుండే పిడి చివర మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంటూ పోయాను. బాబాయి నా అరచెయ్యి దానిమీద పెట్టి ముందుకు గట్టిగా తోయించాడు. అంచులు లేచి, టేపంతా ముడతపడి జారింది.

"దిగుడులో చెయ్యి ముందుకే పోతుంది. లోపల్నుంచి మనవైపు చుట్టుకు రావాలి, పెంకులు కప్పినట్టు. పీకేసి మళ్లీ చుట్టు."

"నీకు భయం లేదుగా, నువ్వే చుట్టుకో" అన్నాను.

"లేదని ఎవరు చెప్పారే నీకు? పడ్డ రోజు నుంచీ రాత్రుళ్లు నిద్రే లేదు. అందుకే టేపు తెచ్చా."

పెద్దవాళ్లకూ భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ముందు ఇంకా బెదిరాను. అయినా పీకేసి మళ్లీ చుట్టాను. ఈసారి ఎంత తోసినా కదల్లేదు.

దిగుడు రాగానే నా కళ్లు మూసుకుపోయాయి. వెనక లారీ హారన్. బాబాయి గుండె నా వీపుకు దబదబ తగులుతోంది. చేతులు మాత్రం జారలేదు. వాగు దాటాం.

అమ్మను చూడగలిగాను. "ఆ మోకాలికేమైందే?" అంటూనే లోపలికి వెళ్లింది. సాయంత్రానికి కళ్లు తెరిచింది.

భయం పోయాకే బయలుదేరాలని నేను ఆ తర్వాత ఎప్పుడూ అనుకోలేదు. చెయ్యి ఎక్కడ జారుతుందో ముందు చూసుకుంటాను. ఆ చోటు సరిచేసుకుని, వణుకుతూనే బయలుదేరతాను.