మా సైన్సు మేడం గోళ్ళ రంగు

మా హైస్కూలు సైన్సు మేడం చనిపోయిన కబురు నాకు బస్టాండులో తెలిసింది. "చేపల మేడం పోయిందంట. బడిలో జీవాల్ని కోసిన పాపం గుండెకే తగిలింది," అంటున్నారు ఎవరో. నాకు ఏడుపు కంటే ముందు రోత పుట్టింది. అది ఇంకా పోలేదు, అందుకే రాస్తున్నాను.

రోత పడటం ఎట్లాగో నేర్పిందీ ఆమే. వానలు లేక శెనక్కాయ చేలు మాడిపోయిన ఏడు మంగళవాడ పక్క చెరువు అడుగంటింది. జనం బురదలో దిగి చేపల్ని గోతాలకు నింపుకున్నారు. మేడం పక్కింటి అవ్వ మొప్పలు ఎత్తి, ఎరుపు చూసి, తాజాది ఒకటి ఏరి ఇచ్చిందట. మేడం దాన్ని క్లాసులో కోసింది. గదంతా నీచు కంపు. జిగురు ఆమె వేళ్ళ మధ్య దారంలా సాగింది. నేను "థూ" అన్నాను.

"థూ అంటే ఏందే? జిగురా, కంపా, రంగా?"

"అన్నీ మేడం."

"అన్నీ అంటే నువ్వేమీ చూడలేదని. రోతకి పేరు పెడితే సగం పోతాది. ఇట్ల రా."

మొప్పల వెనక, గొంతు కింద, శెనక్కాయ గింజంత గుండె. రెండే గదులు. అందులోకి చెడు రక్తమే వస్తుంది. గుండె దాన్ని మొప్పలకు తోస్తుంది. అక్కడ శుభ్రపడి, మళ్ళీ గుండెకు రాకుండా నేరుగా ఒళ్ళంతా తిరుగుతుంది. మన రక్తం అట్లా కాదు. ఊపిరితిత్తులకు పోయి, గుండెకు తిరిగొచ్చి, అప్పుడు ఒంటికి పోతుంది. మంచీ చెడూ కలవకుండా మన గుండెకు నాలుగు గదులు, నడుమ గోడ.

"ఆ గోడకు తూటు పడితే?" అన్నాను, ముక్కు మూసుకునే.

ఆమె చేతులు కడుక్కుని గోళ్ళు చూపించింది. వంకాయ రంగు. "ఇట్లయితాది. నాకు పుట్టినప్పటి నుంచీ ఉండాది."

మెట్ల మధ్యలో ఆగి ఆమె మమ్మల్ని ప్రశ్నలెందుకు అడిగేదో అప్పుడు తెలిసింది. మేం జవాబు వెతికేలోగా ఊపిరి కూడదీసుకునేది.

బస్టాండు నుంచి నేను మేడం ఇంటికి పోయేసరికి, వాకిట్లో శవం పక్కన కూర్చుని ఆ పక్కింటి అవ్వ కూడా ఆ పాపం మాటే అంటోంది. "కోయొద్దంటే వినిందా?"

"ఏరి ఇచ్చింది నువ్వే కదవ్వా? క్లాసయినాక పులుసు పెట్టుకున్నదీ నువ్వే."

"తినేదానికి కోసేది వేరేనమ్మా. చూసేదానికి కోస్తారా ఎవరన్నా?"

మళ్ళీ "థూ" అనబోయాను. ఏది రోత అని నన్ను నేనే అడిగాను. అవ్వ కాదు, పులుసూ కాదు. పుట్టుకతో వచ్చిన జబ్బును ఆమె చేసిన తప్పుగా మార్చడం, అదీ రోత.

"ఆమె గుండె గోడకి తూటు ఉండాదవ్వా, పుట్టినప్పటి నుంచీ. గోళ్ళు చూడు."

అవ్వ పసుపు పూసిన మేడం చేతిని ఒళ్ళోకి తీసుకుంది. చేప మొప్పలు ఎత్తినట్టే ఒక్కొక్క వేలూ ఎత్తి, వెలుతురుకి తిప్పి, రంగు చూస్తూ కూర్చుంది.