నానుఓయ రైల్లో ఒకే ఒక్క అద్దాల సీటు

మా వియ్యపురాలు నర్సవ్వ సింగపూర్ పోయి రాకపోతే నేను శ్రీలంక పోయేదాన్నే కాదు. ఉన్నమాట రాస్తున్నాను. కమ్మర్‌పల్లిలో ఉండే ఆమె మా పెద్దబిడ్డకు అత్త. సింగపూర్‌లో హోటల్ వంట చేసే తమ్ముడి దగ్గర పది రోజులు ఉండి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు ఏ పెండ్లికి పోయినా ఆమె సింగపూర్ ముచ్చటే. ఆడవాళ్లంతా ఆమె చుట్టే చేరేవాళ్లు. ఒక్కసారైనా నేను చెప్తుంటే వాళ్లు వినాలని నాకు ఉండేది. పసుపుకు మంచి ధర పలికిన ఏడాది మా ఆయన వెంటపడి ఒప్పించాను. మోకాళ్ల నొప్పులతో తాను రానన్నాడు. "ఒక్కదానివి పోతె బస్టాండ్లనే తప్పిపోతవ్. నర్సవ్వ చెల్లెను తీస్కపో, ఆమెకు ధైర్యముంది" అన్నాడు. ఎవరి మీద కడుపుమంటతో బయలుదేరుతున్నానో ఆమెనే తోడు తీసుకుపోవాల్సి వచ్చింది.

తెలియని దేశం పోవాలనుకునేవాళ్లు ఆరు నెలల ముందే పాస్‌పోర్టుకు పెట్టుకోవాలి. మా ఆర్మూర్‌లో పాస్‌పోర్టంటే దుబాయికో మస్కట్‌కో పనికి పోయేవాళ్లదే. నన్ను చూసి ఫారాలు నింపే ఆయన "ఏ కంపెనీల పని అవ్వా?" అని నవ్వాడు. శ్రీలంక ఎందుకంటే దగ్గర, అన్నం దొరుకుతుంది, మనవాళ్లకు కొలంబోలో దిగాకే వీసా ముద్ర వేస్తారు. అక్కడ సైన్యానికీ తమిళ పులులకూ నడుమ కాల్పులు ఆగి ఉన్న రోజులవి. అయినా మళ్లీ మొదలైతే ఎట్లా అని రోజూ రేడియో వార్తలు వినేదాన్ని. నిజామాబాద్ ట్రావెల్స్ వాళ్లు చెన్నై నుంచి విమానం, ఐదు రోజుల బస, తిండి కలిపి మనిషికి పద్దెనిమిది వేలు తీసుకున్నారు. మేం పదకొండు మందిమి. వాళ్ల ఆఫీసు గోడ మీద చాయ్ తోటల నడుమ పోతున్న రైలు బొమ్మ ఉంది. "ఇది ఎక్కియ్యాలె, వేరే ఏం సూపియ్యకున్నా సరే" అన్నాను. సింగపూర్‌లో అట్లాంటి కొండలు లేవని నర్సవ్వను ముందే అడిగి తెలుసుకున్నాను.

ఆ రైలు క్యాండీ నుంచి నానుఓయ పోతుంది, నాలుగు గంటల దారి. మిగతావాళ్లు మా వ్యానులోనే వస్తామన్నారు. రైలు మా ఇద్దరికే. మూడో రోజు సాయంత్రం వ్యాను డ్రైవర్ సెల్వం టికెట్లు తెచ్చాడు. తమిళుడు, సినిమాలు చూసి నేర్చిన హిందీ. "గ్లాస్ డబ్బే మే ఏక్ హీ సీట్ మిలా, అమ్మా. దూస్రా టికెట్ సెకండ్ క్లాస్" అన్నాడు, అద్దాల పెట్టెలో సీటు ఒక్కటేనని, రెండోదాంట్లో నిలబడాలని చేతులతో చూపించాడు. అద్దాల సీటు రెండొందల యాభై, రెండోది వంద లోపు, వాళ్ల రూపాయల్లో.

నేను నోరు తెరవకముందే నర్సవ్వ అంది: "నువ్వే కూసో వదినె. నేను సింగపూర్ల ఎక్కిన గసొంటియి మస్తు."

దయతోనే అంది. కానీ నాకు కారం పూసినట్టయింది. కాదంటే బాగుండేది, నేను కాదనలేదు. "సరే తియ్" అని టికెట్ నడుముకు కట్టిన సంచిలో దోపుకున్నాను.

పొద్దున ఎనిమిదిన్నరకు సెల్వం మమ్మల్ని స్టేషన్లో దింపాడు. రైలు తొమ్మిదికి వచ్చింది. నర్సవ్వ మురుకుల డబ్బా చంకలో పెట్టుకొని జనంలోకి దూరిపోయింది. ఆ మురుకులు నేను మూడు రోజులు కూర్చుని చేసినవి. నాది రైలు చివరి పెట్టె. వెనక గోడంతా అద్దం, సీట్లన్నీ వెనక్కే తిరిగి ఉంటాయి. దాటిపోయినదే కనిపిస్తుంది, ముందు వచ్చేది కనిపించదు. పక్కన తెల్లవాళ్ల జంట. మెత్తటి సీటు, చల్లటి గాలి. రైలు కదిలింది. సంచి మీద చెయ్యి పెడితే లోపల రెండు పాస్‌పోర్టులు తగిలాయి. ఆమెది కూడా నా దగ్గరే. ఇద్దరి డబ్బులూ నా దగ్గరే.

ఇక నాకు కొండలు కనబడలేదు. ఆమె ఎక్కడైనా చాయ్‌కి దిగి రైలు తప్పిపోతే? పోలీసులు అడిగితే ఏం చూపిస్తుంది? ఆమెకేమైనా అయితే మా బిడ్డ ఆ ఇంట్లో ఎట్లా బతుకుతుంది? "మీ అమ్మ మా అమ్మను నిలబెట్టి తను సీట్ల కూసున్నదట" అని అల్లుడు అనడా? స్టేషన్ దాటిన ప్రతిసారీ అద్దంలోంచి వెనక్కి పోతున్న ప్లాట్‌ఫారం మీద ఆమె కట్టిన ఎర్రచీర ఉందేమో అని వెతికాను. హట్టన్‌లో రైలు కాసేపు ఆగింది. దిగి నాలుగు పెట్టెలు ముందుకు ఉరికాను. తలుపు దగ్గర జనం వేలాడుతున్నారు.

"వదినే! ఓ నర్సవ్వ వదినే!"

లోపలినుంచి ఆడవాళ్ల నవ్వులు, ఎవరో పాట. ఆమె గొంతు వినబడలేదు. గార్డు పచ్చజెండా ఎత్తి "అమ్మా, అమ్మా" అని నా పెట్టె వైపు చెయ్యి చూపాడు. ఉరికి ఎక్కేశాను. ఆ తర్వాత పెద్ద జలపాతం వచ్చిందట. తెల్లవాళ్లు లేచి ఫోటోలు తీసుకున్నారు. అప్పుడు నేను ఇంకో స్టేషన్ మెట్ల మీద ఎర్రచీర వెతుకుతున్నాను.

ఒంటిగంట కావొస్తుండగా నానుఓయలో దిగాను. సన్నటి చలి. మొదట ఆమె కనబడలేదు. అంతలో ఒక కిటికీలోంచి పది చేతులు ఊగుతున్నాయి, కింద నర్సవ్వ వాళ్లకు తిరిగి ఊపుతోంది.

"నీ మురుకులు ఒక్కటి మిగల్లే వదినె! పెట్టెల అందరికి పంచిన" అంది.

"పాస్‌పోర్టు లేదు, పైసల్లేవు. నీకు భయం కాలేదా?"

"నీ దగ్గరున్నయి గద. నాకేం ఫికర్?"

వ్యానులో దారి పొడుగునా చెప్పింది. మన మాట రాని ఆడవాళ్లు జరిగి చోటిచ్చారట. ఒకామె చంటిపిల్లను ఈమె ఒళ్లో పడుకోబెట్టి తను తల దువ్వుకుందట. రొయ్య అతికించిన వడ తినిపించారట. చాయ్ తోటలు రాగానే అందరూ పాడితే ఈమె బతుకమ్మ పాట ఎత్తుకుందట. "కొండలు మంచిగ కనవడ్డయా నీకు?" అని అడిగింది. మస్తు కనబడ్డాయన్నాను.

తిరిగొచ్చిన వారానికి వేల్పూర్‌లో చుట్టాల గృహప్రవేశం. ఆడవాళ్లు ఎప్పటిలాగే నర్సవ్వను అడిగారు, సింగపూర్ బాగుందా లంక బాగుందా అని. ఆమె చేతులెత్తేసింది. "ఈసారి మా వదినె చెప్తది. గా రైలు ఏర్పాటంత ఆమెదే." అందరూ నా వైపు తిరిగారు. రెండేళ్లు కోరుకున్నది ఎదురుగా ఉంది. పచ్చగా కొండలున్నాయన్నాను. ఆ ఒక్క మాటతో నా దగ్గరున్నది అయిపోయింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది: "పెట్టె నిండ జనం. గయినా జరిగి చోటిచ్చిండ్రు. ఒకామె చంటిపిల్లను నా ఒళ్ల పండవెట్టింది..."

నర్సవ్వ ఎదురుగానే తమలపాకు నములుతూ వింటోంది. ఆమె ముందుకు వంగి, మొదటిసారి వింటున్నట్టు అడిగింది: "పిల్ల ఏడ్వలేదా వదినె?"

"లేదు, నవ్వింది" అన్నాను. అందరూ నవ్వారు.

ఆ రోజుతో ఆమె మీద అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇంకా పెరిగింది. అంత మంచి ముచ్చటను అడగకముందే ఇచ్చేసి నెమ్మదిగా కూర్చోవడం నాకు ఈ జన్మలో చేతకాదు. దేశం ఏదైనా అక్కడి కొండలూ నీళ్లూ బొమ్మలో చూసినట్టే ఉంటాయి, ఒళ్లో పడుకున్న పిల్ల మాత్రం బొమ్మలో ఉండదు. నేను దాన్ని అప్పు తెచ్చుకుని చెప్పాను. మీరు ఆ రైలు ఎక్కేటట్టయితే అద్దాల సీటు కోసం ఆరాటపడకండి. క్యాండీ స్టేషన్‌కు గంట ముందే పోయి, తోడు వచ్చినవాళ్లకూ మీకూ కలిపి సెకండ్ క్లాస్ టికెట్లు తీసుకుని, ఇద్దరూ ఒకే పెట్టెలో ఎక్కండి.