మల్లన్న రుమాలు, నా బ్లాగు

2025 యాసంగి, అంటే రబీ పంట కాలం. జనగామలో నాది మోటారు వైండింగ్ షాపు. వైండింగ్ అంటే కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టడం. పొలాలు ఎండే రోజుల్లో మాకు అన్నం తినే తీరిక ఉండదు. అయినా ఒక పిచ్చి అలవాటు ఏళ్ల తరబడి వదల్లేదు. ఆదివారం కూర్చుని, ఆ వారం చూసిన మోటార్ల గురించి, వాటి యజమానుల గురించి బ్లాగులో రాసుకునేవాణ్ణి.

ఆ యాసంగిలోనే దాన్ని మూసేద్దామనుకున్నాను. చదివేవాళ్లు తగ్గిపోయారు. మా బిడ్డ అయితే మొహం మీదే అనేసింది. "నాయినా, గిప్పుడు బ్లాగులెవలు సదువుతున్నరే? ఏఐని అడిగితే మోటరు ఎందుకు కాలిందో చిటికెల చెప్తది."

కోపం వచ్చింది. అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదు. నేనూ దొంగచాటుగా అడిగి చూశాను మరి. నాకంటే శుభ్రంగా చెప్పింది, పైగా విసుక్కోకుండా.

అప్పుడే చిల్పూర్ వైపు నుంచి సరిత అనే ఆమె ఫోన్ చేసింది. ముక్కూమొహం తెలియదు. బ్లాగు కింద నంబరు చూసి చేసిందట.

వాళ్ల బోరు దగ్గర కేబుల్ జాయింట్ కాలింది. మెకానిక్ దొరకలేదు, పొలం నెర్రెలు బారుతోంది. ఆమె భర్త ఏఐని అడిగితే, మెయిన్ ఆఫ్ చేసి జాయింట్ విప్పమంది. తప్పేమీ చెప్పలేదు. అతను అలాగే చేసి బోరు దగ్గరికి వెళ్లాడు. మా పొలాల్లో మెయిన్ బోర్డు స్తంభం దగ్గర, బోరు ఎక్కడో చివర ఉంటాయి. పైగా వాళ్లది ఆటో స్టార్టర్, అంటే కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే డబ్బా. కరెంటు వేళాపాళా లేకుండా వచ్చిన కాలంలో బిగించుకున్నవి, ఇప్పటికీ చాలామంది పీకలేదు.

"మా మామ గా తొవ్వెంటి వచ్చిండన్నా. మెయిన్ బందుంది, పొలం ఎండుతుందని ఆన్ జేసిండు. మా ఆయన చేతులు తీగల మీదనే ఉన్నయి."

గబుక్కున అడిగాను. "మరి?"

"ఏం గాలే. ఫ్యూజులు నా కొంగుల ఉండె. మీరు రాసిన మల్లన్న తాత యాదికొచ్చిండు. మా ఆయన అటు పోంగనే పీకి ముడేసుకున్న."

నర్మెట్ట దగ్గరి మల్లన్న! నేను ఆయన మోటారు మీద చెయ్యి వేయాలంటే, ముందు ఆయన ఫ్యూజులు పీకి, రుమాలులో మూటగట్టి నడుముకు దోపుకునేవాడు. పని అయ్యేదాకా ఇచ్చేవాడు కాదు. "మెయిన్ బంద్ జేసిన గదా, నన్ను నమ్మవా తాతా?" అని ఆటపట్టిస్తే, "నిన్ను నమ్ముత బిడ్డా, తొవ్వెంట పొయ్యేటోళ్లను నమ్మ" అనేవాడు. తొవ్వంటే దారి. పనయ్యాక గట్టు మీద కూర్చోబెట్టి మక్కగట్క, అంటే మొక్కజొన్న సంకటి, మిరపకాయ తొక్కు పెట్టేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. అదంతా ఒక పోస్టులో రాశాను. మోటారు ముచ్చట తక్కువ, గట్క ముచ్చట ఎక్కువ అని మా బిడ్డ నవ్వింది.

"తాత ఎట్లున్నడన్నా?" అంది సరిత. "మా మామను తోల్కపోత. నా చేతులతోటి కొడుకును సంపుకుంటుంటి గదా అని ఏడుస్తుండు, అన్నం ముట్టుతలేడు. ఆ తాత ఒక్క మాట చెప్తే ఊకుంటడు."

మల్లన్న కాలం చేసి చాన్నాళ్లయింది. ఆ మాటే చెప్పాను. సరిత అయ్యో అని, ఒక్కటి అడిగింది.

"గా రాతను మాత్రం తియ్యకన్నా. మామకు సదివి వినిపిస్త."

ఆ ఫోన్ తర్వాత బ్లాగు మూసే ఆలోచన మానేశాను. ఏం చేయాలో ఏఐ చెప్పగలదు. మల్లన్న ఎందుకంత మొండిగా చేశాడో మాత్రం ఆయన్ని ఎరిగినవాడే రాయాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

కొన్నాళ్లకు ఆ మామ కాలిన కేబుల్ ముక్క పట్టుకుని మా షాపుకు వచ్చాడు. టీ తాగుతుంటే అడిగాను. "ఈ సంగతి రాస్త బాపూ. నీ పేరు మారుస్తలే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకు మారుస్తవ్ బిడ్డా? నా పేరే రాయి. నా ఊరు సుత రాయి. నన్ను ఎరికున్నోళ్లు సదివితె, మెయిన్ మీద చెయ్యేసే ముందుగాల నా మొకం యాదికొస్తది."